తిరుపతయ్య ఇంట్లో ఐర్లాండు

డ్యూసెల్‌డార్ఫ్‌లో ఇల్లు ఖాళీ చేసే తెలుగువాళ్లు విమానం టికెట్ కొనగానే చేసే రెండో పని తిరుపతయ్యకు ఫోన్ కొట్టడం. ఇండియా వెళ్లిపోయేవాళ్లు కానివ్వండి, మ్యూనిక్‌లో ఉద్యోగం దొరికినవాళ్లు కానివ్వండి, "తిరుపతన్నా, మా యూబర్‌గాబె టెర్మిన్ వచ్చింది, నువ్వు పక్కనుండాలె" అంటారు. యూబర్‌గాబె అంటే అద్దె ఇల్లు అప్పజెప్పడం, టెర్మిన్ అంటే దానికిచ్చిన తేదీ. మన దగ్గరలా తాళాలు ఓనరు చేతిలో పెట్టి, ఓ కప్పు టీ తాగి, వెళ్లొస్తామండీ అంటే తీరిపోయే వ్యవహారం కాదది. గోడలన్నీ తెల్లగా ఉండాలి. కొట్టిన ప్రతి మేకూ పీకి, బొక్క పూడ్చాలి. ఇంటి యాజమాన్యం తరఫు మనిషి ఒక ఫారం పట్టుకొని గదిగదీ తిరుగుతుంది. కుళాయిలు తిప్పి, కిటికీలు మూసి తెరిచి, మీటర్ల అంకెలు రాసుకొని, ఆఖరుకు తాళంచెవులు లెక్కపెట్టి సంతకం చేస్తుంది. ఆ సంతకం పడేదాకా మనవాళ్లకు ప్రాణం కుదుటపడదు.

అందులోనూ తెలుగువాళ్ల గోడలంటే మామూలు గోడలా! పొయ్యి వెనక ఐదేళ్ల పోపు జిడ్డు. హాల్లో దేవుడి మందసానికి నాలుగు మేకులు. పడకగది కప్పుకు చంటిదాని ఉయ్యాల కోసం బిగించిన కొక్కెం. ఏ ఇంట్లో ఏది ఎక్కడుంటుందో తిరుపతయ్యకు తలుపు తీయకముందే తెలుసు. అతను పనిచేసే పెయింటింగ్ కంపెనీ యజమాని తెలుగువాళ్ల ఇళ్లన్నీ అతనికే వదిలేశాడు. ఏడేళ్లలో ఎన్ని ఇళ్లు తెల్లగా చేశాడో లెక్క లేదు. నలభై ఏడేళ్లకే మోకాళ్లు అరిగిపోయాయి, నిచ్చెన దిగిన ప్రతిసారీ "అమ్మా" అనకుండా ఉండలేడు.

మనవాళ్లకు ఇంకో రోగముంది. ఇంట్లో దిగీ దిగగానే ఒక తాళంచెవి పట్టుకెళ్లి ఇంకో తెలుగువాళ్ల ఇంట్లో పెడతారు. మేం ఊరెళ్తే కరివేపాకు మొక్కకు నీళ్లు పొయ్యండి, మా అత్తగారు ఒక్కరే ఉంటారు, ఎందుకైనా మంచిది, అని. అలా పెట్టినది అప్పజెప్పే రోజున ఎవరికి గుర్తుంటుంది? అక్కడ ఒక్క తాళంచెవి తగ్గితే సంతకం పడదు. ఈ విషయంలో మాత్రం తిరుపతయ్య దయాదాక్షిణ్యాలు చూపించేవాడు కాదు. "ఇల్లు ఇడిచిపెడతనంటివి, తాళంచెవి జేబుల పెట్టుకొని తిరుగుతవా? గిదేం పద్ధతయ్యా!" అని ఎంత పెద్ద మేనేజరునైనా అందరి ముందే దులిపేసేవాడు.

ఇంతకీ తిరుపతయ్య చరిత్ర లెక్చరరు. నవ్వకండి. సిద్దిపేటలో జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు మీద పదేళ్లు పాఠం చెప్పాడు. ఆ రోజుల్లోనే, రెండు వేల పదిలో, హైదరాబాదులో పీహెచ్‌డీకి చేరాడు. గైడు వాసుదేవరావు సారు మొదటి రోజే అన్నాడట, "తెల్లోడు ఎట్లొచ్చిండో అందరు రాస్తరు తిరుపతయ్యా. ఎట్ల పోతడో నువ్వు రాయి. ఆ పోవుడు మొదలైంది ఐర్లాండుల." అంతే, తిరుపతయ్య ఐర్లాండులో పడ్డాడు. ఐర్లాండు స్వతంత్రమయ్యాక ఇంగ్లీషు ప్రభుత్వం అక్కడినుంచి ఎలా ఖాళీ చేసిందన్నది అతని విషయం. ఆ దేశం అతను చూడలేదు, చూసే ఉద్దేశం కూడా ఉన్నట్టు లేదు.

మొదట్లో సులువుగానే కనిపించింది. పంతొమ్మిది వందల ఇరవై రెండు జనవరి పదహారున డబ్లిన్ కోటను ఐర్లాండు నాయకుల చేతికిచ్చారు. ఆ ఏడాదంతా ఒక్కొక్క బారకాసూ ఖాళీ చేస్తూ వచ్చి, డిసెంబరు పదిహేడున డబ్లిన్‌లోని ఆఖరి పటాలాన్ని ఓడ ఎక్కించారు. అక్కడితో కథ ముగించి తిరుపతయ్య ఐదు అధ్యాయాలు పట్టుకెళ్లి గైడుకు చూపించాడు. సారు కళ్లద్దాలు పైకి తోసుకొని, "మరి ఓడరేవులేమాయె?" అన్నాడు.

ఇక్కడే పడింది చిక్కుముడి. స్వాతంత్ర్యపు ఒప్పందంలో మూడు ఓడరేవుల్ని ఇంగ్లీషువాళ్లు తమకే అట్టిపెట్టుకున్నారు. దక్షిణాన కోవ్, బేర్‌హేవన్, ఉత్తరపు కొసన లఫ్ స్విల్లీ. దేశం వీళ్లది, రేవుల్లో కోటలు వాళ్లవి. ఆ కోటల్లో పిడికెడు మంది సిపాయిలు, పెద్ద పెద్ద ఫిరంగులు. యుద్ధం లేదు, శత్రువు లేడు. ఫిరంగులు తుప్పు పట్టకుండా నూనె పూస్తూ, కాపలా కాస్తూ పదహారేళ్లు ఉన్నారు వాళ్లు. పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో గానీ పోలేదు. జూలైలో కోవ్, సెప్టెంబరు ఆఖరున బేర్‌హేవన్, అక్టోబరు మూడున లఫ్ స్విల్లీ అప్పజెప్పారు. ఉత్తరాన ఆరు జిల్లాలు అప్పటికీ ఇవ్వలేదు, అది వేరే గొడవ.

మరి పోయిన తేదీ ఏది? కోట ఇచ్చిన రోజా, పటాలం ఓడెక్కిన రోజా, ఆఖరి రేవు ఇచ్చిన రోజా? ఉత్తరాన ఉన్నారు కాబట్టి అసలు పోనేలేదా? తిరుపతయ్య ఒక ఏడాది ఒకటి రాశాడు, మరుసటి ఏడాది కొట్టేశాడు. ఆరో అధ్యాయం తప్ప అన్నీ అయిపోయాయి. ఆ ఒక్కటీ కాలేదు. పదిహేనేళ్లలో తెలంగాణ వచ్చింది, కూతురు నవ్యశ్రీ పుట్టి పదమూడేళ్ల పిల్లయింది, భార్యకు బ్లూ కార్డనే ఉద్యోగపు వీసా వచ్చింది, కాపురం జర్మనీకి మారింది. ఆరో అధ్యాయం మాత్రం అట్లాగే ఉంది.

భార్య పేరు బాలామణి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. రెండు వేల పదహారులో ఆవిడ ముందొచ్చింది, మరుసటి ఏడాది పిల్లను తీసుకొని తిరుపతయ్య వచ్చాడు. నాలుగు సూట్‌కేసుల్లో ఒకటిన్నర నిండా ఐర్లాండు కాగితాలే. బట్టలు తీసి పడేసి కాగితాలు కుక్కాడు. ఏడాదికల్లా సిద్దిపేటలో అతని పోస్టు ఎత్తేశారు. ఖాళీగా కూర్చోలేక పెయింటింగ్ పనికి వెళ్లాడు. "థీసిస్ అయ్యేదాకనే బాలా" అన్నాడు.

ఆ రోజుల్లో బాలామణికొక సరదా ఉండేది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే, "ఏమయ్యా, ఇంగ్లీషోళ్లు ఇయ్యాలన్న పోయిన్రా?" అనేది.

"యాడ పోతరు? ఇంక మూటలు గట్టుకుంటున్రు" అనేవాడు తిరుపతయ్య. ఇద్దరూ నవ్వేవాళ్లు. ఏళ్ల తరబడి రోజూ అదే ప్రశ్న, అదే జవాబు.

తర్వాత కరోనా వచ్చింది. బాలామణి ఆఫీసు ఇంట్లోకొచ్చింది, పిల్ల బడి ఇంట్లోకొచ్చింది. ఉన్న రెండు గదుల్లో, పెరుగుతూ వచ్చిన ఆ కాగితాల ఆరు అట్టపెట్టెలు కాళ్లకు తగులుతుంటే ఒకరోజు ఆవిడకు నిజంగానే కోపమొచ్చింది. "ఆ ఐర్లాండును యాడన్న పెట్టు. ఇంట్ల మన్షులకు జాగ లేదు" అంది. పక్క వీధిలో కాకినాడ జగన్మోహన్ ఉండేవాడు, ఆవిడ కంపెనీలోనే పని. మంచివాడు. "మా కెల్లర్ ఖాళీగానే ఉందండీ తిరుపతయ్యగారూ, పెట్టుకోండి" అన్నాడు. కెల్లరంటే ప్రతి ఇంటికీ భవనం అడుగున ఇచ్చే సామాన్ల గది. ఆరు పెట్టెలూ అక్కడికి చేరాయి.

రెండు వేల ఇరవై ఒకటి జూలైలో ఊరు మునిగినంత వాన కురిసింది. చాలామంది కెల్లర్లలోకి నీళ్లొచ్చాయని విని తిరుపతయ్య ఫోన్ చేశాడు. "పక్కవాళ్లకొచ్చాయంటండీ, మనకి రాలేదనుకుంటాను" అన్నాడు జగన్మోహన్. అనుకుంటాను అన్న ఆ ఒక్క మాట పట్టుకొని తిరుపతయ్య ఊరుకున్నాడు. పది నిమిషాల దూరం. వెళ్లి చూడలేదు. ఆ ఏడాదీ వెళ్లలేదు, ఆ పై ఏడాదీ వెళ్లలేదు. ఎవరైనా థీసిస్ మాటెత్తితే, "కాయితాలు కెల్లర్ల ఉన్నయి, తీసి సూడాలె" అనేవాడు. ఆ మాట చాలా సౌకర్యంగా ఉండేది.

ఎందుకు వెళ్లలేదో నన్నడిగితే చెబుతాను. భయం. థీసిస్ నడుస్తున్నంత కాలం తిరుపతయ్య చరిత్రకారుడు, ఏదో తాత్కాలికంగా గోడలకు రంగులు వేస్తున్నాడు. అది ముగిసిపోతే ఎవడు? ఏటేటా యూనివర్సిటీకి పంపే ఫారంలో వృత్తి అన్న గడిలో "చరిత్ర లెక్చరర్, సెలవులో" అని రాస్తూనే ఉన్నాడు. పోస్టు పోయి ఏడేళ్లయినా సరే. మొన్న వేసవిలో నవ్యశ్రీ బడి ఫారం నింపుతూ, "నాన్నా, డైన్ బెరూఫ్?" అని అడిగింది. నీ పని ఏమిటని. "హిస్టోరికర్ అని రాయి బిడ్డా" అన్నాడు. పిల్ల ఒక్క క్షణం తండ్రి గోళ్ల సందుల్లో తెల్లరంగు చూసింది. "ఓకే" అని రాసేసింది.

బాలామణి ఆ ప్రశ్న అడగడం మానేసి మూడేళ్లయింది. ఎప్పుడు మానేసిందో అతనికి తేదీ తెలియదు. ఒకనాడు ఆవిడ చెప్పులు విప్పి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్తే, అప్పుడు తెలిసింది, కొన్ని నెలలుగా ఇంతేనని.

ఇదిలా ఉండగా ఈ సెప్టెంబరు మొదట్లో యూనివర్సిటీ నుంచి మెయిలొచ్చింది. ఇదే ఆఖరి గడువు, ముప్పైవ తేదీలోగా సమర్పించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. రిటైరై ఇంటిపట్టునున్న వాసుదేవరావు సారు ఒక్క వాక్యం వాట్సాప్ చేశాడు: "తిరుపతయ్యా, ఇగ నాతోని కాదు, నీతోని గూడ కాదంటే ఇప్పుడే చెప్పెయ్యి." తిరుపతయ్య రోజూ తెల్లారి ఐదింటికి లేచి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఆరో అధ్యాయం అని రాసి, కింద తెల్లగా ఉన్న పేజీని చూసి, ఏడింటికి పనికి పోయాడు. మూడు వారాలు అలాగే గడిచాయి.

ఆ మూడో వారంలో అతను రంగు వేస్తున్నది ఎవరి గోడలకనుకున్నారు? జగన్మోహన్ గోడలకే. అతను కాకినాడకు తిరిగి వెళ్లిపోతున్నాడు. పెళ్లాంపిల్లలు ముందే వెళ్లారు. ఇరవై ఆరు శుక్రవారం యూబర్‌గాబె, ఆ సాయంత్రమే అతనికి విమానం. పని మొదలెట్టేటప్పుడు తిరుపతయ్య అలవాటుగా అన్నీ అడిగాడు. బాల్కనీ కడిగిన్రా? పోస్టు డబ్బా మీద పేరు తీసిన్రా? తాళంచెవులన్నీ ఉన్నయా? కెల్లర్ ఖాళీయేనా?

"ఖాళీయేనండీ, మేం అందులో ఏవీ పెట్టలేదు" అన్నాడు జగన్మోహన్. నిజమే చెప్పాడు పాపం, వాళ్లేమీ పెట్టలేదు. తిరుపతయ్య సరేనని ఫారంలో టిక్కు పెట్టుకున్నాడు. సొంత పెట్టెలు మరిచిపోయాడా అంటారా? నాలుగేళ్లు తలుచుకోకుండా ఉండటానికి గట్టిగా సాధన చేసిన మనిషి ఆ పూట ఎందుకు తలుచుకుంటాడు!

శుక్రవారం పదకొండింటికి కెస్లర్ మేడమ్ వచ్చింది. యాజమాన్యం తరఫున ఇళ్లు ఒప్పుకునే మనిషి, అరవైకి దగ్గర. తిరుపతయ్య పని తెలిసిన ఆవిడే. గోడ మీద అరచెయ్యి ఆనించి, బాగుందని తలూపింది. ఓవెన్ తెరిచి చూసింది. ఉయ్యాల కొక్కెం ఉన్న చోటు వెతికింది, దొరకలేదు. అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఇక తాళంచెవులు. వాకిలివి మూడు, సరే. పోస్టు డబ్బావి రెండు, సరే. కెల్లర్‌వి రెండు ఇచ్చినట్టు పాత కాగితంలో ఉంది. బల్ల మీద ఒకటే ఉంది.

"ఇంకోటి?" అంది ఆవిడ.

జగన్మోహన్ జేబులు తడుముకున్నాడు. తిరుపతయ్యకు ఒళ్లు మండిపోయింది. ఎన్ని ఇళ్లు చూసినా ఇదే భాగోతం. తెలుగులో అందుకున్నాడు. "నేను ముందుగాల్నే అడిగిన్నా లేదా! ఏ దోస్తుకిచ్చినవయ్యా? కరేపాకు చెట్టుకు నీళ్లు పొయ్యమని ఎవలింట్లనో పెట్టుంటవ్. యాదికి చేస్కో. సాయంత్రం ఫ్లైటు పెట్టుకొని గిదేం పద్ధతి? ఆ తీస్కున్నోనికన్న సోయుండొద్దా?"

జగన్మోహన్ మొహం ఎర్రబడింది. నేల చూస్తూ, మెల్లగా అన్నాడు. "మీకేనండీ ఇచ్చింది."

"నాకా?"

"మీ పెట్టెలు పెట్టినప్పుడు... ఎప్పుడంటే అప్పుడు తీసుకోడానికుంటుందని నేనే ఇచ్చానండీ. ఐదేళ్లయింది. నేనూ మర్చిపోయాను."

తిరుపతయ్య ప్యాంటు జేబులోంచి తన తాళాల గుత్తి తీశాడు. ఇల్లు, సైకిలు, కంపెనీ వ్యాను, సామాన్ల గది. వాటి మధ్య ఒక చిన్న ఇత్తడి చెవి. రోజూ చేతికి తగులుతూనే ఉంది అది. ఇదెక్కడిదో అని కూడా అతను అనుకోలేదు. కెస్లర్ మేడమ్ ఆ చెవినీ, అతని మొహాన్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడకు తెలుగు రాదు గానీ జరిగిందేమిటో అర్థమైంది. చిత్రమేమిటంటే నవ్వలేదు. "సరే, కిందికి వెళ్లి చూద్దాం" అంది.

కెల్లర్ తలుపు తీయగానే కుళ్లిన వాసన కొట్టింది. ఆరు పెట్టెలు, మూడు మీద మూడు. నీళ్లు మోకాలెత్తు వచ్చి ఉంటాయి. అడుగు పెట్టెలు మూడూ నల్లబడి, బూజు పట్టి, ఒకదాన్ని ముట్టుకోగానే అట్ట విడిపోయి లోపలి కాగితాలు ముద్దగా జారాయి. హైదరాబాదు లైబ్రరీలో నాలుగు వేసవులు కూర్చొని చేత్తో రాసుకున్న నోట్సు అది. ఓడరేవుల గురించి రాసుకున్నదంతా అందులోనే ఉంది. వేలితో విప్పబోతే అక్షరం లేదు, నీలం మరక ఉంది.

"ముఖ్యమైనవా?" అని కెస్లర్ మేడమ్ అడిగింది.

"అవును" అన్నాడు తిరుపతయ్య.

ఆవిడ గడియారం చూసుకుంది. ఇల్లంతా బాగానే ఉంది గానీ కెల్లర్‌లో సామాను ఉండగా సంతకం పెట్టలేను, మూడింటికి మళ్లీ వస్తాను, అంది. ఆవిడ వెళ్లాక జగన్మోహన్ చొక్కా చేతులు మడుచుకొని ఒక పెట్టె ఎత్తబోయాడు. "నువ్వు పో, సామాన్ సదురుకో" అని పంపించేసి, తిరుపతయ్య ఆ చీకటి గదిలో ఒక్కడే బోర్లించిన బక్కెట్టు మీద కూర్చున్నాడు.

పై ఇల్లు చూసి బాగుందన్నారు, గోడలు తెల్లగా ఉన్నాయి, అందరూ సంతోషం, అనుకున్నాడు. అడుగున మాత్రం నేను కూర్చున్నాను. నాకిక్కడ ఏం పని ఉందో నాకే తెలియదు. ఇచ్చినవాడు మర్యాదకిచ్చాడు, నేను మరిచిపోయి ఉంచుకున్నాను. ఇలా అనుకుంటూ ఉండగా అతనికి ఐర్లాండు రేవు కోటలోని సిపాయి గుర్తొచ్చాడు. తెల్లారి లేచి, పేలని ఫిరంగికి నూనె పూసి, ఒడ్డున వేరే దేశం జెండా ఎగురుతుంటే చూస్తూ, ఇంకో రోజు గడిపినవాడు. వాడి గురించి రాయడానికి నోట్సు ఎందుకు? వాడి ఒంట్లో నొప్పులన్నీ తనకు తెలుసు. తారీఖులు కంఠతా వచ్చు. ఆ తారీఖులు రాసే మనిషి ఇన్నేళ్లూ ఫిరంగి దగ్గరే కూర్చుండిపోయాడు, అంతే.

బాలామణికి ఫోన్ చేశాడు. "బాలా, పెట్టెలు కరాబైనయి. కెల్లర్ తాళంచెవి నా జేబుల్నే ఉండె, మేడమ్ మూడింటికి మళ్ల వస్తది. యాడ పెట్టాల్నో సమజ్ అయితలేదు" అన్నాడు. అరగంటలో ఆవిడ, నవ్యశ్రీని చిన్నప్పుడు బాలబడికి లాక్కెళ్లిన చెక్కబండి ఈడ్చుకుంటూ వచ్చింది. కిందికి దిగి, ఆ నల్లటి ముద్దను చూసింది. పదిహేనేళ్లు తన కాపురంలో మనిషికంటే ఎక్కువ చోటు తీసుకున్నది ఇదేనా అన్నట్టు వంగి ముట్టుకుంది.

"వానలప్పుడే పోయినయి గదా ఇవి" అంది.

"అవును."

"నీకు ఎర్కేనా?"

తిరుపతయ్య అబద్ధం చెప్పలేకపోయాడు. "అనుమానముండె. సూస్తే అయిపోతదని సూడలే. ఇది ఒడ్సిపోతే నేనెవన్ని బాలా? పొద్దుగాల లేసి సున్నం కొట్టేటోన్ని, అంతే గదా."

బాలామణికి కోపం, జాలి రెండూ ఒక్కసారే వచ్చాయి. "సున్నం కొట్టేటోని బువ్వనే గదా ఏడేండ్ల సంది నేను, నా బిడ్డ తింటున్నం. నేనేమన్న సిగ్గుపడ్డనా? ఇల్లు అప్పజెప్పి తాళంచెవి జేబుల పెట్టుకునేటోన్ని అందరి ముందట తిడతవ్ గదా. నీ జేబుల ఏమున్నదో సూస్కున్నవా?" అంది. అని, అతని జవాబు కోసం చూడకుండా చెంగు దోపుకొని పెట్టె ఒకవైపు పట్టుకుంది. "లేవు. ఆమె మూడింటికొస్తదన్నవ్."

పాడైన మూడూ కాగితం చెత్త డబ్బాలో పడ్డాయి. బాగున్న మూడూ బండి ఎక్కాయి. తిరుపతయ్య కెల్లర్ నేల తుడిచాడు, గోడకు అంటిన నీళ్ల చారకు ఒక కోటు తెల్లరంగు కూడా వేశాడు, ఎవరూ అడక్కపోయినా. మూడింటికి కెస్లర్ మేడమ్ రాగానే గుత్తిలోంచి ఇత్తడి చెవి విప్పి బల్ల మీద పెట్టాడు. ఆవిడ రెండు అని రాసి, సంతకం చేసింది. జగన్మోహన్ అతన్ని కావలించుకొని, "మీ పుస్తకం పాడైపోయింది నా వల్లేనండీ" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నీ తప్పేం లేదయ్యా. పో, ఫ్లైటు అందుకో" అన్నాడు తిరుపతయ్య.

శని, ఆది, సోమ మూడు రోజులు వంటింటి బల్ల దగ్గరనుంచి లేవలేదతను. సోమవారం సెలవు పెట్టాడు. ఆరో అధ్యాయం ఫిరంగులతో మొదలుపెట్టాడు. దేశం చేతులు మారింది ఒకనాడు, కాపలావాడు లేచింది ఇంకోనాడు, ఈ రెండు రోజుల మధ్య పదహారేళ్లనూ ఎవరూ చరిత్రగా లెక్కవేయరు, అలసట కూడా చరిత్రేనని రాశాడు. లఫ్ స్విల్లీ ఇచ్చేసిన అక్టోబరు మూడు దగ్గర ఆపాడు. ఉత్తరాన ఆరు జిల్లాల సంగతి తన పని కాదని ఒక్క వాక్యంలో ఒప్పుకున్నాడు. ఆ వాక్యం రాయడానికి పదిహేనేళ్లు పట్టింది. మంచి థీసిసా అంటే, ఏమో, నాకు తెలియదు. ఆరో అధ్యాయంలో ఆధారాలు తక్కువున్నాయని పరీక్షకులు అంటారు, అననివ్వండి.

మంగళవారం, ముప్పైవ తేదీ, పనికి వెళ్లేముందు ఫైలు ఎక్కించాడు. ఆఖర్న వివరాల ఫారం వచ్చింది. వృత్తి అన్న గడిలో వేళ్లు అలవాటుగా "చరిత్ర లె" దాకా కొట్టేశాయి. ఆగాడు. బడికి తయారై నవ్యశ్రీ వెనక నిలబడి చూస్తోంది. కొట్టింది చెరిపి, "పెయింటర్, డ్యూసెల్‌డార్ఫ్" అని రాశాడు.

"స్టిమ్ట్" అంది పిల్ల. కరెక్టే అని. తండ్రి భుజం మీద గడ్డం ఆనించి, సమర్పించు అన్న మీట తనే నొక్కింది.

శుక్రవారం అక్టోబరు మూడు. రెండు జర్మనీలు ఒకటైన రోజని దేశమంతా సెలవు. తిరుపతయ్యకు అలవాటుగా ఐదింటికే మెలకువ వచ్చింది. లేచి వంటింట్లో కూర్చున్నాడు. లాప్‌టాప్ తెరవాల్సిన పని లేదు, రంగు కలపాల్సిన పని లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు. కాసేపటికి బాలామణి లేచొచ్చింది. టీ పెట్టి, గ్లాసు అతని ముందుంచి, పొయ్యి వైపు తిరిగి పాలగిన్నె మీద మూత వేస్తూ, మామూలుగా అడిగినట్టు అడిగింది.

"ఏమయ్యా, ఇంగ్లీషోళ్లు పోయిన్రా?"

మూడేళ్ల తర్వాత విన్న మాట. తిరుపతయ్య గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు.

"పోయిన్రు బాలా. గియ్యాల్టి తారీఖుకే."

"అందరా?"

"అందరు. ఫిరంగికి నూనె పూసేటోడు సుత పోయిండు." ఇంకేదో అనబోయి, అతను తల దించుకొని ఏడ్చేశాడు. ఆవిడ వచ్చి పక్కన నిలబడి వీపు మీద చెయ్యి వేసింది. కొంతసేపటికి ముక్కు తుడుచుకొని మెల్లగా అన్నాడు, "వానికి గూడ ఇల్లున్నది గదా."